గుడ్డ కింద గువ్వ

ఆ ఆదివారం పొద్దున్న వాసిస్ పెట్టుకున్న పని ఒక్కటే. పక్షుల సంతకి వెళ్ళి మామగారికి ఒక గువ్వని కొని తేవాలి. యోగ్యకర్తలో ఇది కష్టమైన పనేమీ కాదు. ఊళ్లో సగం మంది మగాళ్ళు ఆదివారం పొద్దున్న ఆ పని మీదే తిరుగుతుంటారు, మిగతా సగం మంది కొన్న గువ్వ కూస్తుందేమోనని ఇంటి అరుగు మీద చెవులు రిక్కించుకుని కూర్చుంటారు.

మామగారు సువితో గారికి అరవై నాలుగు నిండబోతున్నాయి. అరవై నాలుగంటే మా దగ్గర పెద్ద పండగ, పేటంతా భోజనానికి వస్తుంది. ఆయన నీటిసరఫరా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు గానీ, జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది నీళ్ళ వల్ల కాదు, గువ్వల వల్ల. పెర్కుతుత్ గువ్వ కూతలో ఏ విరుపు ఎక్కడ పడాలో, చివరి 'కుంగ్' ఎంతసేపు గాల్లో నిలవాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా పంజరాలు మోసుకొచ్చి, "ఒక్కసారి వినండి" అని బతిమాలేవారు.

ఆయన సొంత గువ్వ పేరు మెండుంగ్. ముసలిది. కిందటి వానల్లో ఇంటావిడ పోయిన దగ్గర్నుంచి కూయడం మానేసింది. ఆవిడ చేత్తోనే గింజలు తినేది అది. నిజానికి ఆ ఇంట్లో ఇద్దరు మాట మానేశారు, గువ్వ పూర్తిగానూ, ఆయన చాలావరకూ. తెల్లవారుజామున నమాజు అయ్యాక మాత్రం అరుగు మీద కూర్చుని, చిటికెలు వేస్తూ దాన్ని బతిమాలుకునేవాడు. "పలుకు నాయనా. ఒక్కసారి పలుకు నాయనా."

గువ్వని నాయనా అనే ఆ మనిషి, అల్లుణ్ణి మాత్రం పెళ్ళినాటి నుంచి "అల్లుడుగారూ" అనే పిలుస్తున్నాడు. "అల్లుడుగారూ, భోంచేశారా?" "అల్లుడుగారూ, గొడుగు తీసుకెళ్ళండి." మర్యాదకి వంక పెట్టడానికి లేదు. ఆ మర్యాదే వాసిస్‌ని లోపల్లోపల తినేస్తోంది. తండ్రి లేకుండా పెరిగినవాడు. గదిలో పడుకుని ఆ పిలుపు వింటూ, గువ్వకున్నపాటి అదృష్టం కూడా తనకి లేదే అనుకునేవాడు. ఒక్కసారి ఆయన నోటి వెంట ఆ మాట తనకోసం వస్తే చాలు. ఆ ఆశతోనే ఇప్పుడు మంచి గువ్వ కోసం బయల్దేరాడు.

"గొంతు మంచిదో కాదో చూసి మరీ తీసుకురండి" అంది భార్య ఎండా, మోటార్‌సైకిల్ వెనక పంజరం కట్టడానికి తాడు అందిస్తూ. "దానితోనైనా నాన్న నాలుగు మాటలు మాట్లాడతారు."

"మంచి గొంతని నాకెలా తెలుస్తుంది?"

"మీకు తెలీదు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినవాళ్ళని అడగండి."

సంతకి రెండు సందులు ఇవతల వాన పట్టుకుంది. వాసిస్ కంటబడ్డ మొదటి పంచ కిందికి దూరాడు. అది చిలకల దుకాణం. చిలకలు తప్ప వేరే పిట్ట ఆ గుమ్మం దాటదు. చీ లింగ్ అని అందరూ పిలిచే ఆవిడ నడుపుతుంది. నడివయసు మనిషి, భుజం మీద ఎప్పుడూ ఏదో ఒక చిలక కూర్చుని ఉంటుంది.

"గువ్వ కోసం బయల్దేరావా తమ్ముడూ?"

"ఎలా కనిపెట్టావక్కా?"

"మీ మొహాలే వేరు. ఏదో వినబోతున్నట్టు ఉంటారు. తుడుచుకో, పూర్తిగా తడిసిపోయావు."

వాసిస్ మొహం తుడుచుకోవడానికి ముందు కళ్ళద్దాలు తీయబోయాడు. ఆ అవసరం లేకపోయింది. పక్కనున్న కొయ్య మీంచి ఒక బూడిదరంగు చిలక మెడ చాచి, ముక్కు మీంచి అద్దాలు తీసేసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో వాటిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎడమ కాడ మడిచింది. తరవాత కుడి కాడ మడిచింది. మడిచి, అద్దాలకి గీత పడకుండా, కాడలవైపు నుంచి అతనికి తిరిగి అందించింది.

వాసిస్‌కి కళ్ళద్దాల దుకాణం ఉంది. వచ్చే ప్రతివాడికీ "రెండు చేతులతో తీయండి, ఎడమ కాడ ముందు మడవండి" అని చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. ఒక్కడు విన్న పాపాన పోలేదు. ఒక పక్షి, ఎవరూ చెప్పకుండా, చేసి చూపించింది. అతను నోరు తెరుచుకుని దాని వంక చూశాడు. అది తల పక్కకి వంచి పసుప్పచ్చ కంటితో అతని వంక చూసింది. ఆ కంట్లో నల్లగుడ్డు చిన్నదవుతోంది, పెద్దదవుతోంది, మళ్ళీ చిన్నదవుతోంది. ఇన్నేళ్ళలో ఎందరి కళ్ళల్లోకో చూశాడు, ఏ కన్నూ తనని ఇలా కొలవలేదు.

"ఇది అమ్మేదేనా అక్కా?" అన్నాడు గుసగుసగా.

"నిన్ను అదే కొనేసుకున్నట్టుంది" అంది చీ లింగ్.

ధర సంగతి ఈ కథలో రాకపోవడమే మంచిది, ఎండాకి ఇప్పటికీ తెలియదు. చిలకకి కాలికి కడియం, వాసిస్‌కి చేతికి కాగితాలు, ఇద్దరికీ కలిపి ఒక ఇనప పంజరం, దాని మీద వాన పడకుండా మందపాటి నల్లగుడ్డ. వాన వెలిసేసరికి అతను తిరుగుదారిలో ఉన్నాడు. గువ్వ సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. ఏం ఫరవాలేదు, నిజం చెప్పేస్తే సరి అనుకున్నాడు. "మామయ్యగారూ, గువ్వ కాదండీ, చిలక. ఒక్కసారి దీని తెలివి చూడండి." ఇంటి సందు మలుపు దాకా ఆ మాటే వల్లెవేశాడు.

మలుపు తిరిగేసరికి గేటు దగ్గర సువితో గారు నిలబడి ఉన్నాడు. పెళ్ళిళ్ళకి కట్టే బాతిక్ లుంగీ కట్టి, తలపాగా పెట్టి, గువ్వకి ఎదురు వచ్చాడు. వెనక ఇరుగుపొరుగు. భార్య పోయాక ఆయన తలపాగా పెట్టడం అదే మొదలు. పంజరాన్ని రెండు చేతులా అందుకుని, గుడ్డ మీదే కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

"బరువున్న పక్షే అల్లుడుగారూ."

"అవునండి" అన్నాడు వాసిస్. అది నిజమే.

"గుడ్డ తీయకండి. మా ఇంటి పద్ధతి మీకు తెలుసుగా. ఈ వారమూ, అయిదు రోజుల సంతల లెక్కలో ఈ సంతరోజూ మళ్ళీ కలిసి వచ్చేదాకా, అంటే ముప్ఫై అయిదు రోజులు, కొత్త పక్షిని చూడకూడదు, వినాలి. ఆ రోజు నా పండగ రోజే అవుతుంది. అప్పటిదాకా తెచ్చినవారే మేపాలి."

వల్లెవేసిన మాట వాసిస్ గొంతులోనే ఉండిపోయింది. మా పేటలో ఎదుటి మనిషి మొహం చిన్నబుచ్చడం కంటే అతని ఇంటి కప్పు పీకడం చిన్న తప్పు. అంతమంది ముందు, ఆ తలపాగా ముందు, "చిలకండీ" అని ఎలా అంటాడు? రేపు చెబుదాంలే అనుకున్నాడు. పంజరం అరుగుకి ఒక చివర వేలాడింది, రెండో చివర మెండుంగ్.

మర్నాడు మరీ కష్టమైంది. ఎందుకంటే గువ్వల సంఘం కార్యదర్శి కుంచోరో గారు వచ్చి, పంజరం కింద కుర్చీ వేసుకుని, పొద్దంతా విన్నాడు. పంజరం కిక్కురుమనలేదు.

"మొదటిరోజే కూసేవి తేలిక పక్షులు" అన్నాడు కుంచోరో గారు. "ఇది తూకం ఉన్న పక్షి."

"తూకం ఉంది" అన్నాడు సువితో గారు.

అంతలో గుడ్డ కిందనుంచి పొద్దుతిరుగుడు గింజ పొట్టు ఒకటి రాలి కుంచోరో గారి కాఫీలో పడింది. గువ్వ గింజ వలుచుకు తినదు, మింగేస్తుంది. ఆ సంగతి మా పేటలో ఎవరినడిగినా చెబుతారు. కుంచోరో గారు పొట్టువైపు చూశాడు. సువితో గారు కూడా చూశాడు.

"ఈ ఏడు గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు కుంచోరో గారు, పొట్టుని పక్కకి ఊది కాఫీ తాగుతూ.

"ఎక్కడెక్కడివో కొట్టుకొస్తున్నాయి" అన్నాడు సువితో గారు.

తరవాతి వారం చిలకకి బెరుకు పోయింది. మాటలు కాదు గానీ దుకాణంలో నేర్చిన చప్పుళ్ళు మొదలుపెట్టింది. అన్నిటికంటే ఇష్టమైనది చీ లింగ్ దగ్గు. మూడు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు, చివర గొంతు సవరింపు. అది దగ్గినప్పుడల్లా వాసిస్ ఎక్కడున్నా అరుగు మీదికి పరిగెత్తుకొచ్చి అలాగే దగ్గడం మొదలుపెట్టాడు, తనదే ఆ దగ్గు అనిపించడానికి. కొద్ది రోజుల్లో పేటంతా అతనికి ఛాతీలో ఏదో చేరిందని తేల్చింది. ఎదురింటావిడ అల్లం కషాయం తెచ్చింది. వెనకింటావిడ వేపాకు కంటే చేదుగా ఉన్నది ఇంకేదో తెచ్చి, తాగేదాకా నిలబడింది. చివరికి ఎండా అతన్ని బోర్లా పడుకోబెట్టి, మా ఊరి వైద్యం ప్రకారం వీపంతా నూనె రాసి, నాణెంతో గీకి గీకి ఎర్రగా చారలు తేల్చింది.

"ఇంత ఎర్రగా తేలిందంటే ఎంత గాలి పట్టేసిందో చూడండి" అందావిడ.

"ఎవరి వీపు గీకినా ఎర్రగానే తేలుతుందే" అని మూలిగాడు వాసిస్. అరుగు మీంచి చిలక దగ్గింది. పడుకున్నవాడు పడుకున్నట్టే దగ్గాడు.

"ఇంకో చుట్టు గీకాల్సిందే" అంది ఎండా.

అయినా ఒక్క మాట చెప్పాలి. రోజూ పొద్దున్నే గుడ్డ అంచు ఎత్తి మేత పెట్టేటప్పుడు ఆ కష్టమంతా అతను మరిచిపోయేవాడు. చీకట్లోంచి ఆ పసుప్పచ్చ కన్ను కనబడేది. వేలు పెడితే నాలుక చివరతో తాకి చూసేది. అంత గట్టి ముక్కు బాదంకాయని పిండి చేస్తుంది, అదే ముక్కుతో అతని గోరు పక్కన లేచిన తోలుని నొప్పి తెలియకుండా తీసేసేది. ఇంత చిన్న తలలో ఇంత ఎరుక ఎలా పట్టిందా అని అతను రోజూ కాసేపు అలాగే నిలబడిపోయేవాడు.

పండగ ముందురోజు ఎండాకి తెలిసిపోయింది. అరుగు ఊడుస్తూ పంజరం పక్కకి వంగింది. గుడ్డ కిందనుంచి బూడిదరంగు కాలు ఒకటి వచ్చి ఆవిడ జడక్లిప్పు విప్పుకుని లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి వాసిస్ వచ్చేసరికి ఆవిడ జుట్టు విరబోసుకుని, గుడ్డ లోపల తల పెట్టి కూర్చుని ఉంది.

"ఇది గువ్వ కాదు" అంది, తల బయటికి తీయకుండానే.

"కాదు."

"క్లిప్పు తెరిచి, మూసి, నాకే ఇచ్చిందండీ."

"తెలుసు. అద్దాలు కూడా మడుస్తుంది." వాసిస్ పక్కనే చతికిలబడ్డాడు. "రేపు తెల్లారగానే దీన్ని ఇచ్చేసి, ఏదో ఒక గువ్వని తెచ్చి ఇందులో పెట్టేస్తా. ఎవరికీ తెలియదు."

"ఇచ్చేస్తారా? వీల్లేదు. నాన్నకి చెప్పేయండి."

"నువ్వు చెప్పు."

"నేను చెబితే మీరు చులకనైపోరూ?"

"నేను చెబితే ఆయన మనసు విరిగిపోదూ? తలపాగా పెట్టి మరీ ఎదురొచ్చాడే. గువ్వ కావాలన్న మనిషికి చిలకని తెచ్చినవాణ్ణి ఇక జన్మలో నాయనా అంటాడా?"

ఎండా తల బయటికి తీసి అతన్ని వింతగా చూసింది. ఆ ఆశ ఆవిడకి చెప్పడం అదే మొదటిసారి. తరవాత, "ఇంకో సంగతి" అంది మెల్లగా. "నిన్న ఇక్కడ నాన్న గొంతు విన్నాను. ఆయనేమో మసీదులో ఉన్నారు."

"అమ్మ పోయిన బెంగలో నీకు అలా అనిపించి ఉంటుంది" అని సర్దిచెప్పి, పంజరంలోంచి దగ్గు వినబడగానే అలవాటు కొద్దీ తనూ దగ్గాడు.

పండగ రోజు పొద్దున్నే పంజరం తీసుకుపోదామని వాసిస్ తలుపు తీసేసరికి, అరుగు నిండా జనం ఉన్నారు. గువ్వల సంఘం మొత్తం, కొత్త గువ్వ తొలి కూత వదులుకోలేక, చెప్పిన వేళకంటే చాలా ముందుగా వచ్చి చాపల మీద సర్దుకుని కూర్చుంది. మధ్యలో పసుపన్నం గోపురంలా పేర్చి ఉంది. వాసిస్ చేతిలో సంచీ ఉంది, కాలికి చెప్పులున్నాయి. రెండూ వదిలేసి ఒక మూల కూలబడ్డాడు.

సువితో గారు కొత్త బట్టల్లో లేచి నిలబడ్డాడు. ఆయనకి పెద్దగా మాట్లాడటం రాదు. "ఇది మా అల్లుడుగారు తెచ్చిన పక్షి" అన్నాడు. "ముందు విందాం. తరవాత గుడ్డ తీద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. గువ్వ కూత కోసం కూర్చున్నప్పుడు మా వాళ్ళు ఊపిరి కూడా చూసుకుని తీస్తారు. వంటింట్లో గరిటె ఆగింది. వీధిలో ఎవరో మోటార్‌సైకిల్ ఇంజను ఆపి నెట్టుకుంటూ వెళ్ళారు. ఇన్నాళ్ళలో ఆ అరుగు మీద అంత నిశ్శబ్దం తెల్లవారుజామున తప్ప ఎన్నడూ లేదు. వాసిస్ దగ్గడానికి సిద్ధంగా గొంతు పట్టుకుని కూర్చున్నాడు.

గుడ్డ కింద రెండు చిటికెలు వినబడ్డాయి. తరవాత, సువితో గారి గొంతు. అదే జీర, అదే నిదానం.

"చిలకరా మెండుంగ్. చిలకని తెచ్చాడు పిచ్చి నాయన."

సువితో గారు నోరు మూసుకునే ఉన్నాడు. అందరూ కళ్ళు తెరిచి చూశారు గనక ఆ విషయంలో అనుమానానికి తావులేదు.

"నోరు మెదపకు" అంది ఆ గొంతు, ఇంకా మెల్లగా. "బాధపడతాడు. మంచివాడు, బాధపడతాడు నాయన."

ఎవరూ ఎవరివంకా చూడలేదు. చాపల మీద ఉన్నవాళ్ళందరూ తమ తమ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. సువితో గారి మొహం మెడ దాకా ఎర్రబడింది. చిలక వచ్చిన దగ్గర్నుంచి తెల్లవారుజామున తను వింటూ పడుకున్నది గువ్వని బతిమాలడం ఒక్కటే కాదని, ఆ మాటల్లో నాయన తనేనని వాసిస్‌కి అప్పుడు తెలిసింది. కళ్ళు మసకబారాయి. అద్దాలు తీసి తుడుచుకోవడానికి చేతులు ఆడలేదు.

అప్పుడు అరుగు రెండో చివర్నుంచి వినబడింది.

"హుర్... కెతెక్... కుంగ్."

మెండుంగ్. ముసలి గొంతు, కొంచెం బొంగురు, కానీ విరుపు పడాల్సిన చోటే పడింది. చివరి కుంగ్ గాల్లో నిలిచింది, నిలిచింది, అన్నం గోపురం మీదుగా, తలపాగాల మీదుగా, వీధిలోకి వెళ్ళేదాకా నిలిచింది. యజమాని ఇన్ని నెలలు బతిమాలినా పలకనిది, అదే గొంతు పక్క పంజరంలోంచి వస్తే పలికింది. ఎందుకు పలికిందో ఎవరికి తెలుసు? తోటి పక్షి నోట విని నమ్మిందో, యజమానులు ఇద్దరయ్యారనుకుని జడుసుకుందో. చిలక మళ్ళీ చిటికె వేసింది. మెండుంగ్ మళ్ళీ పలికింది. వంటింటి గుమ్మంలో ఎండా చేతిలో గరిటెతో ఏడుస్తోంది. గువ్వల గురించి అన్నీ తెలిసిన మనుషులు ఏమీ తెలియని పసిపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

ఆ తరవాత గుడ్డ తీయడానికి ఎవరూ లేవలేదు, ఆ అవసరమూ పడలేదు. చిలకే ఊచల్లోంచి గుడ్డని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంది. ముందు ఎర్రటి తోక కనబడింది, తరవాత బూడిదరంగు ఒళ్ళు, చివరికి ఆ కన్ను. అది అందర్నీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, దగ్గరగా ఉన్న కుంచోరో గారి ముక్కు మీంచి అద్దాలు తీసింది. ఎడమ కాడ మడిచింది. కుడి కాడ మడిచింది. తిరిగి ఇచ్చింది. ఆయన వాటిని రెండు చేతులా, ప్రసాదంలా పుచ్చుకున్నాడు.

"గొంతు బాగుంది" అన్నాడు చాలాసేపటికి. ఏ పక్షి గొంతో ఎవరూ అడగలేదు.

భోజనాల దగ్గర మెల్లమెల్లగా తేలిందేమిటంటే, మొదటి పొట్టు రాలిన రోజే కుంచోరో గారికి తెలుసు. సువితో గారికి గేటు దగ్గరే, పంజరం ఎత్తినప్పుడే తెలుసు, గువ్వ అంత బరువుండదు. ఎదురింటావిడకి తెలుసు. వెనకింటావిడకి తెలుసు, ఆ చేదు మందు మాత్రం దొంగ దగ్గు ఆ దెబ్బకైనా మానుతుందేమోనని ఇచ్చింది. ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. అందరికీ తెలుసని తెలియనివాడు పేట మొత్తానికి వాసిస్ ఒక్కడే.

అతను మామగారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన అతని వంక చూసి, ఏదో అనబోయి, పెదవులు కదిపి, ఆగాడు. పసుపన్నం కొనని, అంటే ఇంటి పెద్దకే దక్కే ముక్కని, గరిటెతో తీసి అల్లుడి ఆకులో పెట్టాడు.

"తినండి అల్లుడుగారూ, చల్లారిపోతుంది" అన్నాడు.

ఆయన ఇప్పటికీ అల్లుణ్ణి అల్లుడుగారూ అనే పిలుస్తాడు. వాసిస్ దుకాణం కట్టేసి గేటు తీయగానే "వచ్చావా పిచ్చి నాయన" అనేది చిలక ఒక్కటే, ఆ మూడు మాటలూ దానికి రోజూ నేర్పేది ఎవరో ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగరు.